మామయ్యా, ఆ బ్రేకు నొక్కకండి

(డాలస్‌కి ఉత్తరాన, సెలీనా వైపు ఒక ఇల్లు. గరాజ్‌లో అల్లుడి ఏటీవీ, అంటే బురదలో, దిబ్బల మీద తిరిగే నాలుగు చక్రాల బండి, స్టాండ్ల మీదుంది, వెనక చక్రాలు ఊడున్నాయి. మామగారు మార్కాపురం ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైరై, కూతురి దగ్గరికి ఆర్నెల్లకని వచ్చారు.)

మామ: గంట నుంచి ఆ ఫోన్లో వాడు విప్పుతానే ఉన్నాడు, నువ్వు చూస్తానే ఉన్నావ్, ఇక్కడ మాత్రం చక్రాలు, బ్రేకు ప్యాడ్లని నొక్కే ఆ కాలిపరు ఊడాక ఇంకొక్క బోల్టు కదలా.

అల్లుడు: మొత్తం చూశాకే చెయ్యేస్తా మామయ్యా. ఇదేం ఆర్టీసీ బస్సు కాదుగా.

మామ: నేను బ్రేకులు సెట్ చేసిన బండ్లు దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కి దిగినయ్ బాబూ. నీది మొన్న పెరట్లో దిబ్బ దిగలేక కీచుమని అరిచి పక్కింటి కుక్కని లేపింది.

అల్లుడు: అందుకేగా ప్యాడ్లు మారుస్తోంది! మీవి గాలి బ్రేకులు, డ్రమ్ములు, లైనర్లు. ఇది డిస్కు, లోపల ఆయిల్. సబ్జెక్టే వేరు.

మామ: సబ్జెక్టంట! విప్పిన కాలిపర్ని హోసుకి అట్టా వేలాడేశావే, అది లోపల చిట్లితే ఏ సబ్జెక్టు కిందికొస్తది? తాడు తీసుకురా.

అల్లుడు: జిప్ టై ఉంది.

మామ: ఏదోటి కట్టి చావు... అంటే, కట్టు నాయనా. (హ్యాండిల్ మీద చెయ్యేసి) లివర్ ఆడుతుందా అసలు?

అల్లుడు: నొక్కకండి మామయ్యా, నొక్కకండి! డిస్కు మీద లేనప్పుడు నొక్కితే పిస్టన్ బయటికి తన్నుకొస్తుంది!

మామ: చూశాన్లే, ఊరికే పట్టుకున్నా. ఇదిగో, ఇది చెప్పాడా మీ ఫోన్లోవాడు? లోపలి ప్యాడు రేకు దాకా అరిగింది, బయటిది సగం కూడా అరగలా.

అల్లుడు: రెండూ మారుస్తున్నాంగా, సెట్ కొన్నా.

మామ: మార్చినా మళ్ళీ ఇదే గతి. పిస్టన్ ఉండేది ఒక పక్కే, అది లోపలి ప్యాడుని నొక్కితే, కాలిపర్ ఈ పిన్నుల మీద జారి బయటి ప్యాడుని లాక్కోవాల. పిన్నులు బురదకి పట్టేసినయ్, ఇంక బరువంతా లోపలి దాని మీదే. మా అమ్మాయి ఆఫీసు చూసుకుని, వంట చేసి, పిల్లాణ్ణి ఈతకి తీసుకెళ్ళి... బయటివాళ్ళకేమో ఒంటి మీద గీత పడదు.

అల్లుడు: మనం ప్యాడ్ల గురించేగా మాట్లాడుకునేది?

మామ: ప్యాడ్ల గురించే. నీకెందుకు తగిలిందో మరి.

అల్లుడు: (పిన్నులు లాగి, తుడిచి) ఆ డబ్బాలో గ్రీజు వద్దు! పిన్నుల మీద రబ్బరు ఉబ్బిపోతుంది, సిలికాన్‌దే వాడాలి, ఇదిగో, పదిహేను డాలర్లు.

మామ: ఇంత ట్యూబుకి వెయ్యి రూపాయల పైనా! ...సరే, పిసరంత రాయి. ప్యాడ్లకి, డిస్కుకి అంటనీకు.

(అల్లుడు సీ క్లాంప్ పెట్టి పిస్టన్ని వెనక్కి నెడుతున్నాడు.)

మామ: హ్యాండిల్ దగ్గర ఆయిల్ డబ్బా మూత తీశావా, ఎంతుందో చూశావా?

అల్లుడు: పోయిన వారమే నిండా పోశా.

మామ: అరిగిన ప్యాడ్లతో నిండా పోశావా! ఇప్పుడు పిస్టన్ వెనక్కెళ్తే అదెక్కడికి పోద్ది? ...ఇదిగో, ఇక్కడికే పోయింది! గుడ్డతో పులమకు, నీళ్ళు కొట్టు, నీళ్ళు! పెయింటు లేచిపోద్ది!

అల్లుడు: మీకు గాలి బ్రేకులే తెలుసనుకున్నా.

మామ: డిపోలో జీపు కూడా ఉండేది బాబూ.

(రెండో వైపు కూడా అయింది, చక్రాలు ఎక్కాయి, నట్లు టార్క్ రెంచితో బిగిశాయి, దాని మీదో పావుగంట గొడవ, అది రాయను.)

అల్లుడు: మామయ్యా! లివర్ హ్యాండిల్ దాకా వెళ్ళిపోతోంది!

మామ: పిస్టన్లు ఇంకా వెనకే ఉన్నాయ్‌గా. నొక్కు, వదులు, నొక్కు... గట్టిపడిందా?

అల్లుడు: పడింది. ఇంక ప్యాడ్లు డిస్కుకి అలవాటు పడేదాకా కొంచెం స్పీడులో వెళ్తూ, మెల్లగా తగ్గిస్తూ, పూర్తిగా ఆపకుండా కొన్నిసార్లు చెయ్యాలంట.

మామ: దా, తాళం ఇట్టా ఇవ్వు.

అల్లుడు: మీ విజిటర్ ఇన్సూరెన్సులో ఇలాంటివి ఉండవు మామయ్యా.

మామ: అయితే నువ్వే ఎక్కు.

అల్లుడు: నాకుంది, కానీ డిడక్టిబుల్, అదే ముందు మన జేబులోంచి కట్టాల్సింది, ఎంతో తెలుసా మీకు?

మామ: మనం చేసిన బ్రేకు మీద నీకే నమ్మకం లేదా?

అల్లుడు: మీకుందిగా, ఆ దిబ్బ కింద నిలబడండి, నేను పైనుంచొస్తా.

మామ: ...అమ్మాయి టీకి పిలిచినట్టుంది.