నాలుగు, ఆరు భాగిస్తే ఇరవైనాలుగు భాగించాలని ఎక్కడుంది?

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి జయపురం దాకా నేనెరిగిన తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపులన్నింటిలోనూ ఒకే సందేశం తిరుగుతోంది: ‘నవోదయ ప్రవేశపరీక్షకు అయిదు బంగారు సూత్రాలు, పిల్లలచేత కంఠస్థం చేయించండి.’ పంపినవారిలో పట్టభద్రులున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు. వారిలో ఒక్కరైనా కాగితం మీద రెండు అంకెలు వేసి చూసిన జాడ లేదు.

రెండు సంఖ్యలను గుణిస్తే క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) వచ్చేస్తుందన్నది మొదటి సూత్రం. 8, 9లకు 72 సరే. 6, 8లకు 48 అని రాసిన పిల్లవాడికి మార్కు పోతుంది, ఎందుకంటే సమాధానం 24.

అసలు చేటంతా రెండవ సూత్రంలో ఉంది: ‘ఒక సంఖ్య 4 చేత, 6 చేత భాగింపబడితే 24 చేత తప్పక భాగింపబడుతుంది.’ 12ను చూడండి, 36ను చూడండి, 60ని, 84ను చూడండి. అన్నీ నాలుగుకూ ఆరుకూ లొంగుతాయి, ఒక్కటీ ఇరవైనాలుగుకు లొంగదు. 4లో రెండు 2లు, 6లో ఒక 2, ఒక 3 ఉన్నాయి. 6లోని ఆ 2 అప్పటికే 4లో లెక్కకు వచ్చినదే కనుక మనకు ఖాయంగా దక్కేది రెండు 2లు, ఒక 3, అంటే 12 మాత్రమే. 3, 8ల వలె 1 తప్ప ఉమ్మడి భాజకం లేని జంటను తీసుకుంటేనే రెండు పరీక్షలూ కలిసి 24కు సాక్ష్యమిస్తాయి. సందేశకర్త తర్కమే నిజమైతే, 2 చేత భాగింపబడి మళ్ళీ 2 చేతనే భాగింపబడే ప్రతి సంఖ్యా 4 చేత భాగింపబడాలి. ఇక 6ను, 10ని ఏ గంగలో కలపాలో కూడా ఆయనే సెలవివ్వాలి. ఈ సూత్రాన్ని పదేళ్ళ పిల్లలచేత వల్లె వేయించడం ఘోరం, ఎందుకంటే 24, 48, 72లతో సరిచూసుకున్న పిల్లవాడికి ఇది ప్రతిసారీ నిజమైనట్టే కనబడుతుంది.

అంకెల మొత్తం ఏడు గుణిజమైతే సంఖ్య కూడా అంతేనన్నది మూడవది. 16ను ఏడుతో భాగించి చూసుకోండి. పదిని 3తో గాని 9తో గాని భాగిస్తే 1 మిగులుతుంది, కాబట్టి అక్కడ అంకెలు కూడితే చాలు. 7తో భాగిస్తే 3 మిగులుతుంది.

క.సా.గు., గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం)ల లబ్ధం సంఖ్యల లబ్ధానికి సమానమన్న నాలుగవ సూత్రం రెండు సంఖ్యల వరకు సత్యమే, కాని మహానుభావుడు ‘ఎన్ని సంఖ్యలకైనా’ అని చేర్చాడు. 4, 6, 10ల క.సా.గు. 60, గ.సా.భా. 2, వాటి లబ్ధం 120. మూడింటినీ గుణిస్తే 240.

అయిదవదానికి ‘ప్రాచీన రహస్యం’ అని పేరు పెట్టారు గనుక అదే అన్నిటికన్నా పెద్ద బూటకమనుకున్నాను; తీరా చూస్తే నిఖార్సయిన గణితం. సంఖ్యను కుడినుంచి మూడేసి అంకెలుగా విడదీసి, ఒకదాన్ని కూడుతూ మరొకదాన్ని తీసివేస్తూ పోతే మిగిలినది 7, 11, 13లలో దేనిచేత భాగింపబడితే అసలు సంఖ్య కూడా దానిచేత భాగింపబడుతుంది. 7, 11, 13ల లబ్ధం 1001 కావడమే ఇందుకు కారణం; ఇందులో రహస్యమేమీ లేదు. జయపురం పిన్‌కోడు 764001లో 764 నుంచి 1 తీసివేస్తే 763, అది ఏడు 109లు, కాబట్టి ఆ పిన్‌కోడు ఏడు గుణిజమే. పర్లాకిమిడి 761200లో మిగిలే 561 పదకొండుకు లొంగుతుంది, ఏడుకు గాని పదమూడుకు గాని లొంగదు. ఈ ఒక్క సూత్రాన్ని ఉంచి తక్కిన నాలుగింటినీ చెరిపి పంపేవారుంటే, నాకూ ఒకటి పంపండి.