ఆ బ్యాంకును నిలబెట్టింది పదవి కాదు
కాంగ్రెస్ అధ్యక్షుడన్న పేరు వల్లే పట్టాభి సీతారామయ్య గారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు నిలదొక్కుకుందని ఒక వ్యాసంలో రాశారు. ఒప్పుకోలేను. ఆయన అధ్యక్షుడైంది 1948లో. బందరులో ఆంధ్రా బ్యాంకు పుట్టింది 1923లో, లక్ష రూపాయల మూలధనంతో. డాక్టరు చదువు చదివి, చేతిలో ఉన్న ప్రాక్టీసు వదులుకున్న మనిషి ఆయన. రైతు వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కకూడదన్నదే ఆయన తపన. ఆ తీరు తర్వాత వచ్చిన వాళ్లకీ అబ్బింది. మా నాన్న పంట రుణానికి వెళితే మా బ్రాంచి ఏజెంటు (మేనేజరు) గారు కాగితాలు అడగకముందే "నాట్లు అయ్యాయా? కాలవకి నీళ్లొచ్చాయా?" అనేవారు. మర్నాడు సైకిలేసుకుని వచ్చి, చెప్పులు గట్టు మీద విడిచి చేలో దిగి చూసేవారు. 2020లో ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయిన రోజున మా ఇంట్లో అందరికీ మనసు చివుక్కుమంది.