సవరణ: విశ్వాసం ముందా, సద్గుణం ముందా?

మొన్నటి పోస్టులో "గుణం దిద్దుకుంటేనే విశ్వాసం వస్తుంది" అని రాసి, అది బైబిల్లోని మొదటి పేతురు పత్రికలోదన్నాను. రెండూ తప్పే. రెండవ పేతురు 1:5-7 చూడండి. అక్కడ వరస విశ్వాసంతోనే మొదలవుతుంది. దానికి సద్గుణం, ఆపైన జ్ఞానం, ఆశానిగ్రహం, సహనం ఇంకా మిగతావి అమర్చుకోమంటాడు యేసు శిష్యుడు పేతురు.

మా పొందూరులో ఖాదీకి పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఎంత ఓపికో! పోగు పోగూ విడదీసి, గింజ తీసి, ఏకి, అప్పుడు రాట్నం దగ్గరికి. కానీ చేతిలో పత్తి ఉంటేనే కదా దువ్వేది. ఆ పత్తి దేవుడిచ్చిన విశ్వాసం. దువ్వడం మన వంతు, అందులో బద్ధకం కుదరదు. పేతురు "పూర్ణజాగ్రత్త" అన్నాడు.

నా రాత చదివి ఒక చెల్లెమ్మ "కోపం తగ్గాకే చర్చికి వస్తానన్నయ్యా" అంది. అమ్మా, తప్పు నాది. ఈ ఆదివారమే రా.