స్టీల్ ఫ్రేమ్ మంచిదే... ఇంతకీ ఏ స్టీలు?

"సైకిల్‌కి స్టీల్ ఫ్రేమ్ మంచిదేనా?" అని ఒకరు అడగడం, కింద వందమంది కొట్టుకోవడం. ఏ స్టీలో మాత్రం ఒక్కరూ అడగరు!

పాలక్యాన్లు మోసే పాత సైకిలూ స్టీలే, ఖరీదైన టూరింగ్ సైకిలూ స్టీలే. మొదటిది మామూలు స్టీలు లేదా హై-టెన్ (హై-టెన్సైల్ అనే చవకరకం స్టీలు), రెండోది క్రోమోలీ. 4130 రకం క్రోమోలీలో దాదాపు 1 శాతం క్రోమియం, 0.2 శాతం మాలిబ్డినం ఉంటాయి. బిరుసు, అంటే బరువు పడితే ఎంత వంగుతుందన్నది, రెండింటికీ ఒకటే. తేడా అంతా బలంలో. ఆ బలం ఉంది కాబట్టే గొట్టాన్ని అతుకుల దగ్గర 0.8, నడుమ 0.5 మిల్లీమీటర్లకు పల్చబరచగలుగుతారు. బరువు తగ్గేది అక్కడే. స్టిక్కర్ చూసి మురిసిపోకండి. కొన్నిటికి ముందు మూడు గొట్టాలే క్రోమోలీ, ఫోర్కూ వెనకభాగమూ హై-టెన్.

"స్టీలు కుదుపులు మింగేస్తుంది" అంటారా? అది చాలావరకు టైరు చలవే. 25 మిల్లీమీటర్ల వెడల్పు టైరు తీసేసి 32 వేసి గాలి తగ్గించి చూడండి.

"విరిగితే ఏ ఊళ్లోనైనా వెల్డింగ్ చేయించుకోవచ్చు" అన్న మాట మందపాటి హై-టెన్‌కే చెల్లుతుంది. అర మిల్లీమీటరు గొట్టానికి గేట్లు అతికే ఆర్క్ రాడ్డు తగిలితే బొక్కే. టిగ్ వెల్డింగ్ (సన్నటి పనికి వాడే వెల్డింగ్) గానీ, ఇత్తడి అతుకు గానీ తెలిసిన చెయ్యి కావాలి. రిపేరు స్టాండులో కూడా ఆ పల్చటి నడుమ భాగాన్ని బిగించకండి, సొట్ట పడుతుంది. సీట్ పోస్ట్‌నే (సీటు కింది కడ్డీనే) బిగించాలి.

ఇక తుప్పు. పైన గీతలకు రంగు పూస్తే సరిపోతుంది. ఫ్రేమును తినేది లోపలి తుప్పు. వాననీళ్లు సీట్ పోస్ట్ పక్క సందులోంచి దిగి పెడల్ యాక్సిల్ ఉండే గూట్లో, అంటే బాటమ్ బ్రాకెట్ దగ్గర, నిలుస్తాయి. విశాఖ, కాకినాడ ఉప్పుగాలికి ఇది ఇంకా తొందర. వానాకాలం కాగానే సీట్ పోస్ట్ లాగి, సైకిల్ తలకిందులు చేసి ఆరనివ్వండి. ఏడాదికోసారి బాటమ్ బ్రాకెట్ విప్పించి, పెయింట్ షాపులో దొరికే డబుల్ బాయిల్డ్ అవిసె నూనె చిన్న టీగ్లాసుడు గొట్టాల్లో పోసి, ఫ్రేమును అన్నివైపులా తిప్పి, మిగిలింది వంపేయండి. ఆరడానికి కొన్ని రోజులు పడుతుంది. తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. విప్పి పరిచి ఆరేయండి.

అల్యూమినియం సీట్ పోస్ట్‌కు గ్రీజు పూయకపోతే, తడికి స్టీలుతో కరుచుకుని రాయిలా బిగుసుకుపోతుంది. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ముందు దాన్నే తిప్పి చూడండి, తర్వాత బాటమ్ బ్రాకెట్ చుట్టూ రంగు కింద పొక్కులున్నాయేమో తడమండి. పోస్ట్ కదలదు, పొక్కులున్నాయి అంటే బేరమాడకుండా లేచి వచ్చేయండి.