సవరణ: బస్తీ దవాఖానాలు నర్సులవి కావు

మొన్నటి పోస్టులో హైదరాబాద్ బస్తీ దవాఖానాలను (పేటల్లోని చిన్న ప్రభుత్వ ఆసుపత్రులను) నడిపేది నర్సులేనని రాశాను. తప్పు. 2018లో మొదలైన వీటిలో ఒక ఎంబీబీఎస్ డాక్టరు, ఒక స్టాఫ్ నర్సు, ఒక సహాయకురాలు ఉండాలన్నది ఏర్పాటు. మేం వెళ్లిన రోజు డాక్టరు సెలవు. అమ్మకు బీపీ చూసింది, షుగరు పరీక్షకు రక్తం తీసింది సిస్టరే. ఆ ఒక్క పూట చూసి ఊరంతటికీ అంటగట్టేశాను.

నర్సింగ్ చదివినవాళ్లు ముందుండి నడిపే పద్ధతి ఆయుష్మాన్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింది సబ్‌సెంటర్లది (చిన్న ఆరోగ్య కేంద్రాలది). బీఎస్సీ నర్సింగ్ లేదా జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసినవాళ్లు అదనపు శిక్షణతో అక్కడ కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లవుతారు (ఆయుర్వేదం చదివినవాళ్లనూ తీసుకుంటారు). ఆ సబ్‌సెంటర్లు ఎక్కువగా పల్లెల్లో.

రక్త పరీక్షలన్నీ బస్తీ దవాఖానాలోనే చేస్తారని ఆ పోస్టులో రాసిందీ పొరపాటే. నమూనాలు తెలంగాణ డయాగ్నోస్టిక్స్ అనే ప్రభుత్వ ల్యాబుకు వెళ్తాయి. డబ్బు కట్టక్కర్లేదన్న మాట మాత్రం నిజం.