వాట్లు కూడితే సరిపోదు, ఓమ్‌లు కూడా చూడాలి

ఒకే యాంప్లిఫైయర్‌కు ఎక్కువ స్పీకర్లు కలపడం గురించిన ఒక వ్యాసంలో, నాలుగు 8 ఓమ్‌ల స్పీకర్లను ప్యారలల్‌గా (ప్లస్‌లన్నీ ఒకచోట, మైనస్‌లన్నీ ఒకచోట) కలపండి, వాట్లు సరిపోతే చాలు అని రాశారు. దయచేసి అలా చేయకండి. లోడు, అంటే స్పీకర్లన్నీ కలిసి యాంప్లిఫైయర్‌కు ఇచ్చే నిరోధం (దాన్ని ఓమ్‌లలో కొలుస్తారు), 2 ఓమ్‌లకు పడిపోతుంది. వెనకాల కనీసం 4 ఓమ్‌లు అని రాసి ఉన్న యాంప్లిఫైయర్ సౌండ్ పెంచిన కొద్దిసేపటికే వేడెక్కి, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోతాయి. ఒకే రకం స్పీకర్లయితే రెండేసి చొప్పున సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటిగా) కలిపి, ఆ రెండు జతలను ప్యారలల్ చేయండి. మళ్లీ 8 ఓమ్‌లే వస్తుంది, పవర్ నాలుగింటికీ సమానంగా పంచుకుంటుంది.

గుడి మైకు సెట్‌లా దూరం వైరు లాగాలంటే మాత్రం 100 వోల్ట్ లైనే (ఎక్కువ వోల్టేజీతో దూరానికి సౌండ్ పంపే పద్ధతి) సరైనది. ప్రతి హారన్‌కూ ఆ వోల్టేజీని తగ్గించి ఇచ్చే లైన్ మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. 15 వాట్ల ట్యాపింగ్‌లో (ట్రాన్స్‌ఫార్మర్‌పై ఎంచుకునే వాట్ల కనెక్షన్) ఆరు హారన్లు అంటే 90 వాట్లు, దానికి 125 వాట్ల యాంప్లిఫైయర్ వాడితే కాస్త వెసులుబాటు ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ లేని 8 ఓమ్‌ల స్పీకర్ ఒక్కటి ఆ లైన్‌కు తగిలించినా దాదాపు షార్ట్ చేసినట్టే. 100 వోల్ట్, 4 ఓమ్ టెర్మినళ్లు రెండూ ఒకేసారి వాడొద్దు. బేస్ బాగా తగ్గించండి, హారన్ యూనిట్ల డయాఫ్రమ్‌లు (శబ్దం పుట్టించే పలుచని పొరలు) ఎక్కువగా పోయేది బేస్ వల్లే.