పాలో ఆల్టో పౌరుల పార్కు

అమెరికాలో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో నగరాన్ని పరిచయం చేసే వ్యాసం ఏది చదివినా అందులో ఒక గ్యారేజీ ఉండి తీరుతుంది. అడిసన్ అవెన్యూలో 367వ నంబరు ఇంటి వెనక ఉన్న ఆ చిన్న షెడ్డులో హ్యూలెట్, ప్యాకార్డ్ అనే ఇద్దరు కుర్రాళ్లు 538 డాలర్లతో హెచ్‌పీ కంపెనీ మొదలుపెట్టారనీ, సిలికాన్ వ్యాలీ జన్మస్థలం అదేననీ అక్కడి ఫలకంతో సహా వర్ణిస్తారు. అమెరికాలో కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో వెళ్లిన మన తల్లిదండ్రులను కూడా ఒక శనివారం అక్కడికి తీసుకెళ్లి, కాలిబాట మీద నిలబెట్టి ఫొటో తీసి, బంధువుల వాట్సాప్ గ్రూపులో పెడతారు. మంచిదే. నా బాధల్లా గ్యారేజీని ఇంత భక్తితో చూపించేవారు అదే ఊరి గేటును ఎందుకు చూపించరన్నదే.

తక్కిన మహిమలు అందరికీ తెలిసినవే కనుక త్వరగా ముగిస్తాను. రైలు మార్గాల మీద కోట్లు గడించిన లీలండ్ స్టాన్‌ఫర్డ్ దంపతులు, టైఫాయిడ్‌తో పదిహేనేళ్లకే పోయిన కొడుకు పేర తమ గుర్రాల క్షేత్రంలో విశ్వవిద్యాలయం కట్టించారు. 1891లో అది తెరుచుకుంది. 1950ల తొలి రోజుల్లో విశ్వవిద్యాలయం భూమిలోనే పారిశ్రామిక వాడ వెలిసింది, 1970లో జిరాక్స్ పరిశోధనా కేంద్రం వచ్చింది, ఆ తరువాత వచ్చిన కంపెనీల పేర్లు మీ పిల్లలను అడిగితే నిద్రలో కూడా చెబుతారు. 2020 జనగణన ప్రకారం ఊరి జనాభా 68 వేల పైచిలుకు, అంటే మన దగ్గర ఒక మోస్తరు మునిసిపాలిటీ అంత. మామూలు ఇల్లు కొనాలన్నా ముప్పై లక్షల డాలర్లకు తక్కువ ఆశించడం అమాయకత్వం.

ఇక గేటు దగ్గరికి వద్దాం. ఈ నగరం 1959లో కొండల మీద సుమారు 1,400 ఎకరాల అడవిని కొని, 1965లో ఫుట్‌హిల్స్ పార్కు అనే పేరుతో ప్రారంభించింది. 1969లో, ఊరి వారూ వారు వెంటబెట్టుకుని వచ్చిన అతిథులూ తప్ప ఇతరులెవరూ అందులో అడుగు పెట్టకూడదని శాసనం చేసింది. పొరుగూరి మనిషి అక్కడికి వెళ్లి ఓక్ చెట్టును చూస్తే అది అసభ్యత కాదు, పొరపాటు కాదు, చట్టరీత్యా నేరం. ఊరి వారి కుక్కకు మాత్రం పనిదినాల్లో ప్రవేశం ఉండేది.

ఆ గేటు దగ్గర జరగడానికి చట్టరీత్యా ఏ అభ్యంతరమూ లేని ఒక సన్నివేశాన్ని నేను తరచు ఊహించుకుంటూ ఉంటాను. స్టాన్‌ఫర్డ్ ప్రాంగణంలోనే నివాసముండే ఒక ఆచార్యుడు, నోబెల్ గ్రహీత అనుకుందాం, ఆదివారం పూట భార్యతో, పులిహోర లాంటిదేదో కట్టుకుని, కారులో గేటు దగ్గరికి వచ్చారు. "అయ్యా, తమరుండేది ఎక్కడండీ?" అని కాపలాదారు వినయంగా అడిగాడు. "స్టాన్‌ఫర్డ్‌లోనేనయ్యా, ముప్పై ఏళ్లుగా" అన్నారు ఆచార్యులు. "అయితే తమరు పాలో ఆల్టో వాసి కారండీ. విశ్వవిద్యాలయం నగర పరిమితికి అవతల ఉంది." ఇది నిజం. ఏ విశ్వవిద్యాలయం పేరు చెప్పి ఈ ఊరు ప్రపంచంలో తలెత్తుకు తిరుగుతోందో ఆ విశ్వవిద్యాలయ ప్రాంగణం ఊరిలో లేదు. ఆచార్యులు విశ్వం పుట్టిన తొలి క్షణాల గురించి తాము చేసిన కృషిని వివరించబోయారు. "చాలా సంతోషమండీ. డ్రైవింగ్ లైసెన్సు మీద చిరునామా ఏముందో చూపిస్తారా?" ఈలోగా వెనక కారులోని పెద్దమనిషి హారన్ కొట్టాడు. అతను నిన్ననే ఇక్కడ ఇల్లు కొన్నాడు, ఫర్నిచర్ ఇంకా రాలేదు, అయినా పత్రాలు సక్రమంగా ఉన్నాయి కనుక లోపలికి పోయాడు. పైనున్న జింకలకు ఈ తేడా తెలియదు.

ఈ నిబంధనకు కారణం లేదనుకోకండి. అడవిని కొనేటప్పుడు పొరుగూళ్లను చందా అడిగితే వాళ్లు ఇవ్వలేదట, కనుక అనుభవించే హక్కు కూడా వాళ్లకు లేదట. లెక్క బాగానే ఉంది. ఒక్క చిక్కేమిటంటే, వాగుకు అవతల ఈస్ట్ పాలో ఆల్టో అనే ఊరుంది. అది మునిసిపాలిటీగా ఏర్పడిందే 1983లో. 1959లో చందా ఇవ్వడానికి దానికి ఖజానా లేదు, కాదనడానికి కౌన్సిల్ లేదు. పుట్టని ఊరు ఇవ్వని చందాకు ఆ ఊరి పిల్లలు దశాబ్దాల తరబడి జరిమానా కట్టారన్నమాట.

ఆ పిల్లల తాతలు వాగుకు అవతల ఎందుకు చేరారు? ఇవతల నల్లవారికి ఇళ్లు అమ్మలేదు కనుక. పాలో ఆల్టోలోని కొన్ని కాలనీల దస్తావేజుల్లో, తెల్లజాతి వారు తప్ప మరొకరు ఇక్కడ నివసించరాదని స్పష్టంగా రాసుకున్నారు. జోసెఫ్ ఐక్లర్ వంటి బిల్డరు ఒకరు రంగు చూడకుండా ఇళ్లు అమ్మారు, ఆ మాట చెప్పాలి. మిగతావారిలో చాలామంది అమ్మలేదు. "మాది పాలో ఆల్టో అండీ" అని పెళ్లిళ్లలో కాస్త గొంతు పెంచి చెప్పుకునే మన వాళ్లు తమ ఇంటి పాత దస్తావేజును ఒకసారి తీసి చదువుకుంటే, అందులో తమకే చోటు ఉండకపోవచ్చు. ఊరి బావి దగ్గర "ఏ వాడ మీది?" అని అడిగి కడవ ముట్టనివ్వని మర్యాదను మన తాతలు చూశారు, కొందరు పాటించారు కూడా. ఆ ప్రశ్ననే ప్రపంచంలోకెల్లా ఎక్కువ చదువుకున్న ఊళ్లలో ఒకటి, యూనిఫాం వేసుకున్న మనిషి చేత, 2020 దాకా అడిగించింది! దీన్ని ఏ ముఖం పెట్టుకుని ప్రగతి అంటారు?

నల్లజాతి వారి హక్కుల కోసం పోరాడే ఎన్‌ఏఏసీపీ సంస్థ, ఆ ఊళ్లోనే ఉండే మాజీ న్యాయమూర్తి లడోరిస్ కార్డెల్ మొదలైనవారు 2020 సెప్టెంబరులో కోర్టుకెక్కారు. డిసెంబరులో గేటు అందరికీ తెరుచుకుంది. జనం వచ్చారు. జనం వస్తే ప్రకృతి పాడవుతుందన్న ఆందోళన వెంటనే మొలిచింది, కొద్ది నెలల్లోనే కారుకు 6 డాలర్ల రుసుమూ మొలిచింది. అయిదు దశాబ్దాలు ఊరి వారి కార్లు తిరిగినప్పుడు పాడవని గడ్డి ఇతరుల టైర్ల కింద మాత్రం నలిగిపోతుందన్న వృక్షశాస్త్ర సత్యం బహుశా స్టాన్‌ఫర్డ్‌లో బోధించరు.

ప్రకృతి మీద ఈ ఊరికున్న ప్రేమను మాత్రం శంకించకూడదు. ఇళ్ల మధ్య పెట్రోలుతో నడిచే ఆకులూదే యంత్రాలను 2005లోనే నిషేధించింది. తన కరెంటు తనే సరఫరా చేసుకుంటుంది. కర్బనం విషయంలో ఆ కరెంటు నిష్కళంకమని 2013లో ప్రకటించింది. నీటి వాటా చాలక ఈస్ట్ పాలో ఆల్టోలో కొత్త కట్టడాలు ఆగిపోతే, 2018లో తన వాటాలో కొంత ఇచ్చింది కూడా, కాదనను.

కానీ ఆ 2013లోనే ఇంకో రెండు పనులు చేసింది. ఆగస్టులో, ఇల్లు లేక కారులో పడుకునేవారిని నేరస్తులుగా ప్రకటించే చట్టం తెచ్చింది. లాస్ ఏంజెలెస్‌లోని అలాంటి చట్టాన్ని ఫెడరల్ అప్పీళ్ల కోర్టు కొట్టేశాక, మరుసటి ఏడాది దాన్ని చప్పుడు చేయకుండా రద్దు చేసుకుంది. మేబెల్ అవెన్యూ పక్కన పాత ఏప్రికాట్ తోట ఉన్న స్థలంలో పేద వృద్ధుల కోసం 60 అపార్ట్‌మెంట్లు కట్టే పథకాన్ని కౌన్సిల్ ఆమోదిస్తే, ఊరి వారు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టించి నవంబరులో ఓట్లతో ఓడించారు. ముసలివాళ్ల మీద వారికి కోపమేమీ లేదు, ట్రాఫిక్ పెరుగుతుందన్నారు, అంతే. ఆ స్థలాన్ని తరువాత ఒక బిల్డరు కొని విడివిడి ఇళ్లు కట్టాడు. ఒక్కో ఇంటి గ్యారేజీలో రెండేసి కార్లు పడతాయి.